వాకబు

పెద్దమేడమ్‌కి మనసు మొద్దుబారిపోయి రెండేళ్లయింది. ఇంట్లో ఎవరూ పోలేదు, ఒంట్లో జబ్బూ లేదు. హెల్పర్లు మానేసి మానేసి అలా అయింది. నవ్వుకుంటే నవ్వుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి నడపని వాళ్లకి ఇది నవ్వులాటగానే ఉంటుంది.

ఆ బడిలో పిల్లలు నలభై ఇద్దరు. మాట రానివాళ్లు, నడక రానివాళ్లు, రెండూ వచ్చినా తమకి బుద్ధి పుట్టినప్పుడే వాడేవాళ్లు. వాళ్లకి తినిపించడానికి, కడగడానికి, పట్టుకుని నడిపించడానికి తొమ్మిదిమంది హెల్పర్లు ఉండాలి. ఉండాలి అన్నాను గానీ, ఉన్నారని అనలేదు. రెండేళ్లలో పంతొమ్మిదిమంది మానేశారు. ఒకామె చేతి మీద పిల్లాడు కొరికిన మొదటిరోజే దండం పెట్టేసింది. ఇంకొకతను గోడకి అంటించుకునేన్ని సర్టిఫికెట్లు పట్టుకొచ్చి, పద్నాలుగేళ్ల పిల్లాడికి బట్టలు మార్చాలనేసరికి తెల్లమొహం వేశాడు. మరొకామె మధ్యాహ్నం టీ తాగొస్తానని వెళ్లి ఇప్పటిదాకా రాలేదు. ఎక్కడ తాగుతోందో మరి ఆ టీ.

మొదటామె మానేసినప్పుడు పెద్దమేడమ్ బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. మూడో ఆమెని బతిమాలింది. ఏడో ఆమె మీద కేకలేసింది. ఆ తర్వాత తర్వాత రాజీనామా కాగితం చేతికిస్తే చదవకుండానే సంతకం పెట్టి, "బీరువా తాళంచెవి ఇచ్చేసి వెళ్లమ్మా" అనడం అలవాటైపోయింది. పిల్లల తల్లిదండ్రులకి పంపే ఉత్తరం కూడా ఒకటే. పేరు మార్చి పంపడమే.

ఇక్కడ మీకు వాకబు సంగతి చెప్పాలి. ఈ బళ్లలో ఎవరినైనా పనిలోకి తీసుకోవాలంటే ముందు వాళ్లు చేసిన బడికి ఫోన్ చేసి మనిషి ఎలాంటిదని కనుక్కుంటారు. కాగితం మీద రాసిచ్చింది ఎవరూ నమ్మరు. ఫోన్లో చెప్పింది కూడా పూర్తిగా నమ్మరు. ఎందుకంటే, చేతకాని మనిషిని వదిలించుకోవాలంటే తేలిక దారి ఒక్కటే, ఆకాశానికెత్తేయడం. "అబ్బో, బంగారమండీ, అలాంటి మనిషి దొరకదండీ" అని ఏ పెద్దమేడమైనా అందంటే, అవతల వినే పెద్దమేడమ్ పెన్ను మూత పెట్టేస్తుంది. మంచి మనిషిని పోగొట్టుకుంటున్నవాళ్ల గొంతు వేరు. అందులో ఏడుపు ఉంటుంది, కోపం ఉంటుంది, "మీకు మావాళ్లే దొరికారా" అన్న దెప్పు ఉంటుంది. అది వినపడితేనే ఉద్యోగం. ఇదంతా ఎక్కడా రాసి ఉండదు. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు, అంతే.

ఉన్న హెల్పర్లలో నిదానం ఒకతె. అది ఆమె పేరు కాదు. ఆఫీసు గుమాస్తా పెట్టిన పేరు. "ఆవిడ గుమ్మంలో కుడికాలు పెట్టి, ఎడంకాలు పెట్టేలోపు నేను హాజరుపట్టీ మొత్తం పూర్తిచేసేస్తాను మేడమ్" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. ఎవరేమన్నా నవ్వేది, నిదానంగా.

కానీ చిట్టి విషయంలో ఆ నిదానమే కావలసి వచ్చింది. చిట్టికి తొమ్మిదేళ్లు. మాట లేదు. నోట్లో ఏం పెట్టినా భయం. ఇద్దరు హెల్పర్లు బుగ్గలు నొక్కి తినిపించారు, ఒకామె బుజ్జగించి, పాటలు పాడి, చప్పట్లు కొట్టి తినిపించబోయింది. అందరికీ సమాధానం ఒక్కటే, పెదవులు బిగించేయడం. బరువు పడిపోతూ వచ్చి పదిహేడు కిలోల దగ్గర ఆగింది. డాక్టరు చిట్టి తండ్రిని కూర్చోబెట్టి, ఇంకా దిగితే పొట్టకి చిల్లు పెట్టి గొట్టంతో పంపించాల్సి వస్తుందన్నాడు. ఆ తండ్రి బస్సు డ్రైవరు. అంత పెద్ద బస్సు తిప్పే మనిషి, పెద్దమేడమ్ ముందు కూర్చుని టోపీ చేతుల్లో నలుపుకుంటూ, "నోటితో తినే సుఖమొక్కటే కదండీ దానికున్నది" అన్నాడు.

అప్పుడు నిదానాన్ని చిట్టి దగ్గర వేశారు. ఆమె చేసిందేమీ లేదు. నేల మీద చిట్టికి ఎదురుగా కూర్చుని, చెంచాలో కొంచెం మెత్తటి భోజనం తీసుకుని, కింది పెదవికి ఆనించి ఊరుకుంది. తెరువు అనలేదు, నా తల్లి కదూ అనలేదు. చిట్టి చెంచా చూసింది, కిటికీ చూసింది, మళ్లీ చెంచా చూసింది. నాలుగు నిమిషాలకి తనే నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేసరికి గంటా పది నిమిషాలు. ఆ గంటా పది నిమిషాలూ నిదానం గడియారం వంక చూసిన పాపాన పోలేదు. అలా పదకొండు నెలలు. చిట్టి పంతొమ్మిది కిలోలు దాటింది. డ్రైవరు రోజూ సాయంత్రం వచ్చి గోడ మీద బరువు పట్టీ దగ్గర నిలబడి చూసుకుని వెళ్లేవాడు.

ఆ నిదానం ఒక సోమవారం పొద్దున్న పెద్దమేడమ్ గదిలోకి వచ్చి, తలుపు దగ్గరే నిలబడింది.

"మేడమ్, మీతో ఒక మాట."

పెద్దమేడమ్‌కి ఆ నిలబడ్డం చూడగానే అర్థమైపోయింది. పంతొమ్మిదిమంది అలాగే నిలబడ్డారు. చెయ్యి దానంతటదే పెన్ను మీదకి వెళ్లింది.

"మా ఇంటి పక్క వీధిలో ఇలాంటి బడే ఒకటి తెరిచారు మేడమ్. హెల్పరు కావాలట. నేను రాసి పడేశాను. మీకు చెప్పకుండా రాశానని తప్పుగా అనుకోకండి."

"ఎందుకమ్మా? ఇక్కడ ఇబ్బందేమన్నా ఉందా?"

"అయ్యో, ఇబ్బందేంటి మేడమ్. రెండు బస్సులు మారాలి. పోను గంటన్నర, రాను గంటన్నర. మా పిల్ల మూడింటికే ఇంటికొచ్చేస్తుంది. ఆరింటిదాకా ఒక్కతే. మొన్న పక్కింటావిడ చెప్పింది, మెట్ల మీద కూర్చుని నాకోసం చూస్తూ ఉంటుందట. తాళం తీసుకుని లోపలికి వెళ్లవే అంటే, ఇల్లు ఖాళీగా ఉంటే భయమేస్తుందట." నిదానం ఇంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు. "అక్కడైతే నడిచి పది నిమిషాలు. వాళ్లు మీకు ఫోన్ చేస్తారు కదా మేడమ్. ఒక మంచి మాట చెప్పండి. మీరు చెప్తే తిరుగుండదు."

"చెప్తాలే" అంది పెద్దమేడమ్.

"చిట్టి సంగతే దిగులు మేడమ్. వెళ్లేముందు ఎవరినైనా చూపిస్తే నెల్లాళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిస్తాను."

ఎవరిని చూపిస్తుంది? ప్రకటన వేసి నాలుగు నెలలైంది. వచ్చినవాళ్లు ముగ్గురు. అందులో ఒకతను పిల్లలంటే తనకి పడదని ముందే చెప్పాడు, పాపం నిజాయితీపరుడు.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దమేడమ్ ఈ సంగతి అక్కతో అంది. అక్కాచెల్లెళ్లిద్దరే ఆ ఇంట్లో. అక్క ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా చేసి దిగిపోయింది. ఇప్పుడు కూర్చున్నచోటి నుంచే అందరికీ వైద్యం చేస్తుంది.

"పోతే పోనీవే. చిన్నపిల్ల మెట్ల మీద కూర్చుంటే ఏ తల్లికి మనసొప్పుతుంది?" అంది అక్క.

"చిట్టికి గొట్టం పెడతారు."

"ఆ మాట మామూలుగా అనేస్తున్నావేంటే? నీకేమీ అనిపించట్లేదా?"

పెద్దమేడమ్ ఆలోచించింది. నిజంగానే తనలో తాను వెతుక్కుంది, జేబులో చిల్లర వెతుక్కున్నట్టు. ఏమీ తగల్లేదు. "లేదక్కా" అంది.

అక్క కళ్లజోడు తీసి చెల్లెలి మొహం వంక కాసేపు చూసింది. "నువ్వు కొన్నాళ్లు సెలవు పెట్టు" అంది. పెద్దమేడమ్‌కి నవ్వు కూడా రాలేదు. తను సెలవు పెడితే తన బదులు వచ్చేదెవరు?

బుధవారం పదకొండింటికి ఫోన్ మోగింది. అవతలి బడి మేడమ్. చురుకైన మనిషి, మాటకి మాట అందుకునే రకం. మీవైపు వర్షాలు ఎలా ఉన్నాయని కనుక్కుని, అసలు సంగతిలోకి వచ్చింది. మనిషి టైముకి వస్తుందా అని అడిగింది. వస్తుందంది పెద్దమేడమ్. చేతివాటం ఏమన్నా ఉందా అంది. లేదంది. పిల్లల మీద చెయ్యి చేసుకుంటుందా అంది. ఛ, లేదంది. అన్నీ నిజాలే.

"సరే మేడమ్, ఆఖరి మాట. ఇదొక్కటి చెప్పండి చాలు. ఈ మనిషిని మళ్లీ మీరే పనిలోకి తీసుకోవాల్సి వస్తే, తీసుకుంటారా?"

కళ్లు మూసుకుని తీసుకుంటాను అనాలి. తలుపులు బద్దలు కొట్టుకుని వెళ్లి తీసుకొస్తాను అనాలి. పెద్దమేడమ్ నోరు తెరిచింది. ఎదురుగా అద్దం తలుపులోంచి వరండా, వరండా అవతల తరగతి గది, అందులో నేల మీద నిదానం వీపు, ఆ వీపు మీదుగా చిట్టి జుట్టు కనిపిస్తున్నాయి. గోడ గడియారంలో ముల్లు కదిలింది. పెద్దమేడమ్ ఏమీ అనలేదు. అబద్ధం చెప్పాలని అనుకోలేదు, నిజం దాచాలనీ అనుకోలేదు. ఊరికే ఉండిపోయింది. నాలుగు క్షణాలో, అయిదు క్షణాలో.

"అ... తీసుకుంటామండీ" అంది చివరికి.

"అర్థమైంది మేడమ్. నీళ్లు నమిలారంటే అర్థమైపోయింది. థాంక్సండీ, మీరు చెప్పనక్కర్లేదు" అంది అవతలి మేడమ్. ఫోన్ పెట్టేసింది.

పెద్దమేడమ్ ఫోన్ పక్కన పెట్టి, చిట్టి గది వంక చూసి, ఎదురుగా ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటూ పోయింది. చేసిందేమిటో తెలుసు. ఆ మాటకొస్తే చాలా బాగా తెలుసు. తెలియడం ఒకటి, నొప్పి పుట్టడం ఇంకొకటి. ఆ రెండో దాని జాడ లేదు.

శుక్రవారం నిదానం మళ్లీ తలుపు దగ్గర నిలబడింది. ఈసారి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"రాలేదు మేడమ్. వద్దన్నారు."

"అలాగా."

"నిన్న సాయంత్రం వాళ్ల గేటు దగ్గరికెళ్లి అడిగాను మేడమ్, ఎందుకని. ఆవిడ ఏమీ చెప్పలేదు. నా అంతట నేనే ఆలోచించుకోవాలట." నిదానం గొంతు సవరించుకుంది. "మీరు మంచిగానే చెప్పి ఉంటారు. ఆ సంగతి నాకు తెలుసు. మరి నాలోనే ఏదో ఉండి ఉంటుంది. పదకొండు నెలల్నించి చూస్తున్నారు కదా మేడమ్, మీరే చెప్పండి. నాలో లోపం ఏంటి? దిద్దుకుంటాను. మళ్లీ ఎక్కడన్నా రాస్తే ఇలా కాకుండా."

ఇక్కడ ఏ మనిషైనా కాళ్ల మీద పడిపోవాలి. లేదంటే కనీసం, "నీలో ఏ లోపమూ లేదమ్మా, వాళ్ల ఖర్మ" అని పంపించెయ్యాలి. ఎంత తేలికైన మాట! కానీ పెద్దమేడమ్‌కి రోజూ ఇలాంటివి పది వస్తాయి. అడిగినదానికి ఏదో ఒకటి చెప్పి పంపడం చేతికి వచ్చిన పని. నోటికి అందుబాటులో ఏముందో అది తీసి ఇచ్చేసింది.

"కొంచెం నెమ్మది, అంతే. చేతిలో చురుకుంటే బాగుంటుంది."

నిదానం తల ఊపింది. చిలక్కి చెప్పినట్టు చెప్పారు అన్నట్టుగా, ఎంతో శ్రద్ధగా ఊపింది. "అందరూ అంటూనే ఉన్నారు మేడమ్. నేనే వేళాకోళం అనుకున్నాను" అంది. కళ్లు తుడుచుకుని, దండం పెట్టి వెళ్లింది.

సోమవారం ఆమె వచ్చిన తీరు చూసి గుమాస్తా ముక్కున వేలేసుకున్నాడు. ఎనిమిదింపావుకే గేటు దగ్గరుంది. తొమ్మిదిలోపు పిల్లల సంచులన్నీ తగిలించేసింది. చేతికి కొత్త గడియారం. పదకొండున్నరకి చిట్టి ముందు కూర్చుని చెంచా పెదవికి ఆనించింది, గడియారం చూసింది, ఇంకోసారి ఆనించింది, "ఊఁ, ఊఁ" అంది. చిట్టి ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూసింది. ఆరు చెంచాలు వెళ్లాయి. మిగతాది గిన్నెలో ఉండిపోయింది. పన్నెండుకల్లా నిదానం గిన్నె కడిగి బోర్లించి, పెద్దమేడమ్ గదికి వచ్చింది.

"అరగంటలో అయిపోయింది మేడమ్!"

"తిందా?"

"ఇవాళ కొంచెమే తింది. కానీ టైముకి అయిపోయింది." మొహం నిండా సంతోషం.

"మంచిది" అంది పెద్దమేడమ్.

మొదటివారం చిట్టి నాలుగొందల గ్రాములు తగ్గింది. పడిసెం పట్టిందిలే అనుకున్నారు. రెండోవారం ఏడొందలు. డ్రైవరు బరువు పట్టీ దగ్గర నిలబడి, వేలు పెట్టి అంకె మీద రుద్ది చూశాడు, మరకేమో అనుకున్నట్టు. పెద్దమేడమ్ నిదానాన్ని పిలిపించింది.

"చిట్టి దగ్గర మాత్రం నీ పాత పద్ధతిలోనే తినిపించమ్మా. అక్కడ చురుకక్కర్లేదు."

"అలాగే మేడమ్."

అలాగే అంది, అలాగే చెయ్యబోయింది కూడా. చెంచా ఆనించి ఊరుకుంది. కానీ ఇప్పుడది ఊరుకోవడం కాదు, ఓర్చుకోవడం. కుడికాలు ఆడుతోంది. కళ్లు మణికట్టు మీదికీ చిట్టి నోటి మీదికీ తిరుగుతున్నాయి. తను వెనకపడిపోతున్నానని, ఎవరో తలుపు సందులోంచి చూసి మార్కులు వేస్తున్నారని ఆమె మొహంలోనే ఉంది. చిట్టికి మాటలు రావు గానీ మొహాలు చదవడం వచ్చు. పెదవులు బిగించేసింది. మూడోవారం పదిహేడు కిలోల ఆరొందలు.

ఈ లెక్కన దిగితే ఇక ఆగలేమని డాక్టరు వచ్చే నెల మొదటివారానికి ఆసుపత్రిలో మంచం రాసిపెట్టమన్నాడు. డ్రైవరు ఆ చీటీ తెచ్చి పెద్దమేడమ్ బల్ల మీద పెట్టాడు. ఎవరినీ ఏమీ అనలేదు. "ఏం జరిగిందంటారు మేడమ్?" అని మాత్రం అన్నాడు.

"కనుక్కుంటానండీ" అంది పెద్దమేడమ్.

అతను వెళ్లాక గుమాస్తా కాగితం ఒకటి తెచ్చి చూపించాడు. అవతలి బడి ప్రకటన మళ్లీ పడింది. నిదానం బదులు తీసుకున్నామె పదిరోజులు కూడా నిలవలేదట. "వాళ్లకీ మన గతే పట్టింది మేడమ్" అన్నాడు గుమాస్తా, చుట్టాలు కలిసినంత సంబరంగా.

పెద్దమేడమ్ ఆ కాగితం చూస్తూ కూర్చుంది. అక్కడ ఉద్యోగం ఖాళీ. ఇక్కడ నిదానం ఉండీ చిట్టికి ఉపయోగం లేదు. కనీసం ఆ పిల్ల మెట్ల మీద కూర్చోవడమన్నా తప్పుతుంది. తనే చెడగొట్టింది, తనే చక్కబెట్టొచ్చు, ఒక్క ఫోన్‌తో. చక్కబెట్టాలని గట్టిగానే అనుకుంది. ఫోన్ తీసింది.

"మేడమ్, ఆరోజు మీకు నేను సరిగ్గా చెప్పలేదు. మా హెల్పరు సంగతి. ఆమెలో ఏ వంకా లేదు. నేను చూసిన మనుషుల్లో ఆమెని మించినవాళ్లు లేరు. తినని పిల్ల చేత పదకొండు నెలలు తినిపించింది. ఎక్కడికీ పోకూడదని నేనే ఆరోజు నోరు నొక్కుకున్నాను. మీరు ఆమెని తీసుకోండి. పొరపాటు నాది."

అవతల మేడమ్ పకపకా నవ్వింది. వెక్కిరింత కాదు, సాటి మనిషి నవ్వు.

"బాగుందండీ! మేడమ్, మనం మనం ఒకటి. నా దగ్గరెందుకు ఇవన్నీ? పోయినేడు నేనూ ఒకామెని ఇలాగే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి పంపించాను, మీకన్నా బాగా చెప్పాను."

"నేను నిజం చెప్తున్నాను."

"అయితే ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకండి. అంత మంచి మనిషి చెయ్యి జారిపోతుంటే మీ గొంతులో ఏడుపేదండీ? రైళ్ల టైములు చదువుతున్నట్టు చెప్తున్నారు. నేనూ ఇరవై ఏళ్ల నుంచి ఇవే వింటున్నాను మేడమ్. ఏడవలేని మేడమ్ వదిలించుకుంటున్న మేడమే." మళ్లీ నవ్వి, కాస్త మెత్తగా, "మీకూ కష్టంగానే ఉందని తెలుసులెండి. ఎవరికి లేదు? ఉంటాను" అంది.

పెద్దమేడమ్ ఫోన్ పెట్టేసి, గొంతు మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. ఏడుద్దామని ప్రయత్నించింది కూడా. నిజం, చెప్పొద్దూ, కళ్లు గట్టిగా మూసి, ఆ మెట్ల మీద కూర్చున్న పిల్లని తలుచుకుని, చిట్టి పొట్ట తలుచుకుని, ప్రయత్నించింది. ఆవులింత వచ్చింది.

లేచి చిట్టి గదికి వెళ్లింది. ఇక మిగిలింది ఒక్కటే దారి. నిదానానికే నిజం చెప్పెయ్యాలి. ఆమె తిడితే తిడుతుంది, మానేస్తే మానేస్తుంది. తనలో లోపమే లేదని తెలిస్తే ఆ గడియారం విప్పేస్తుంది. అదొక్కటే ఇప్పుడు చిట్టికి కావలసింది, గొట్టం వెయ్యడానికి ఇంకా రెండువారాలుంది.

పదకొండు నలభై. నిదానం చిట్టి ఎదురుగా నేల మీద కూర్చుని ఉంది. మిగతా పిల్లల్ని టీచరు బయటికి తీసుకెళ్లింది. పెద్దమేడమ్ తలుపు మూసి, వాళ్ల పక్కనే నేల మీద కూర్చుంది. ఆవిడ నేల మీద కూర్చోవడం నిదానం ఎప్పుడూ చూడలేదు. గభాలున లేవబోయింది.

"కూర్చో అమ్మా. నీకొకటి చెప్పాలి. నీకు ఆ ఉద్యోగం నా వల్ల పోయింది."

నిదానం చెంచా పట్టుకునే ఉంది.

"ఆవిడ ఫోన్ చేసి, ఈమెని మళ్లీ తీసుకుంటారా అని అడిగితే నేను కావాలనే మాట్లాడలేదు. నువ్వు వెళ్లిపోతే చిట్టి తినదని. నీలో లోపమేంటని అడిగావే, అది కూడా అబద్ధమే. నీలో లోపం లేదు. నెమ్మది అన్నానే, ఆ నెమ్మదితోనే ఈ పిల్ల బతికింది. నేను తప్పు చేశాను. పాపం చేశాను."

అన్నీ వరసగా చెప్పింది, ఒక్క మాట దాచకుండా, తడబడకుండా. నిదానం ఆవిడ మొహం వంకే చూస్తోంది. ఆ మొహంలో ఏమీ లేదు. సెలవు చీటీ మీద సంతకం పెట్టేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నిదానం మెల్లిగా నవ్వింది. పెద్దవాళ్లు చిన్నపిల్లల కోసం చెప్పే మాటలు విన్నప్పుడు నవ్వే నవ్వు.

"ఎందుకు మేడమ్ నాకోసం ఇంత? నేను బాధపడుతున్నానని మీ మీద వేసుకుంటున్నారు."

"కాదమ్మా. నిజంగా."

"మీ సంగతి నాకు తెలీదా? ఇన్నాళ్లుగా చూస్తున్నాను. మీరు అలాంటి పని చేసే మనిషి కాదు. చేసుంటే ఇంత మామూలుగా చెప్పగలరా ఎవరైనా?" నిదానం చిట్టి గడ్డం కింద గుడ్డతో తుడిచింది. "లోపం నాదే మేడమ్. మా పక్కింటావిడని అడిగినా అదే అంది. మీరు చెప్పబట్టి కళ్లు తెరిచాను. మీ మేలు మర్చిపోను."

పెద్దమేడమ్ నోరు తెరిచింది. ఇంకేం చెప్పాలి? ఉన్నదంతా చెప్పేసింది.

వరండాలో గంట కొట్టారు. నిదానం మణికట్టు చూసుకుని నాలుక్కరుచుకుంది. "అయ్యో, పన్నెండు. అవతల పెద్దపిల్లల్ని కడగాలి" అని గిన్నె ఎత్తబోయింది. గిన్నెలో భోజనం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"అది ఉంచు" అంది పెద్దమేడమ్. "నువ్వెళ్లు."

నిదానం గబగబా వెళ్లిపోయింది. పెద్దమేడమ్ చిట్టికి ఎదురుగా జరిగి, చెంచాలో కొంచెం తీసుకుని, కింది పెదవికి ఆనించి ఊరుకుంది. తెరువు అనలేదు. చిట్టి చెంచా వంక చూడలేదు, కిటికీ వంకా చూడలేదు. పెద్దమేడమ్ మొహంలోకే చూసింది, చాలాసేపు, దేనికోసమో వెతుకుతున్నట్టు. నాలుగు నిమిషాలయ్యాయి. పది అయ్యాయి. చెయ్యి లాగడం మొదలుపెట్టింది, భుజం దాకా పాకింది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. చిట్టి చూపు తిప్పేసుకుని తలుపు వైపు పెట్టుకుంది.

పెద్దమేడమ్ ఇంకా పట్టుకునే ఉంది. పెదవులు బిగిసే ఉన్నాయి.